దస్తీ

వనపర్తి బస్టాండ్ల
బస్సు ఇంకా ఆగకముందే
కిటికీలకెంచి దస్తీ విసిరేటోళ్లం.
ఎవరు ముందు ఎక్కినా సరే
దస్తీ ఉన్న సీటు దస్తీ ఏసినోళ్లదే.
కొట్లాటలైనయి గని
ఆ చట్టాన్ని కాదన్నోణ్ని నేను చూడలే.

పాలిటెక్నిక్ నోటీసు బోర్డు మీద
ఆ కాయితం అంటిచ్చిన నాడు
అటెండర్ పెంటయ్య, గుండుపిన్ను పండ్ల నడుమ పట్టుకొని,
"యూనివర్సిటోళ్లు మీకు దస్తీ ఏసిర్రు బిడ్డా" అన్నడు.
అరవై శాతం దాటితే
పరీక్ష లేకుండ, పైరవీ లేకుండ
ఇంజనీరింగ్ రెండో ఏడుల సీటు ఖాయం.
ఖాయం అన్న మాట కింద
ఎవరో పెన్సిల్‌తోని రెండు గీతలు గీసిర్రు.
నేనే కావొచ్చు.

అప్పటిదాక మా ఇంట్ల ఖాయమన్నది
మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు ఒక్కటే.
తీసుకుంటే పోవాలె, అంతే.
ఎవలన్నా మాటిచ్చి
ఎదురు ఏమీ అడగరంటే
మా నాయినకు నమ్మబుద్ధి కాలే.
జిరాక్సు తెచ్చిస్తే
ఎనకకు తిప్పి చూసిండు,
ఆడ ఏమన్న రాసున్నదేమోనని.

ఎనక లేదు. కిందున్నది, సన్న అక్షరాలల్ల.
సీటు ఖాయం, హాస్టల్ కాదు.
మొదటి ఏడు లెక్కలు ఎవరికి వాళ్లే నేర్చుకోవాలె.

శివలీలకు యాభై తొమ్మిది పాయింట్ నాలుగు.
సర్వే ప్రాక్టికల్ నాడు ఆమెకు జ్వరం.
మూడేండ్లు గొలుసు ఒక కొస నేను పట్టుకుంటే
ఇంకో కొస ఆమెదే.
టీసీ మడత పడకుండ అట్టల నడుమ పెట్టి
నా సంచిల సర్దింది.
"చినుకులొస్తున్నయి, కవరు కట్టు" అన్నది.
ఇంకేమీ అనలే.

కొత్తకోట, అడ్డాకుల, భూత్పూర్.
ప్రతి స్టేజీల ఎక్కేటోళ్లు ఎక్కుతనే ఉంటరు.
డిపోకాడ ఎందుకెక్కలేదని
నడుమల ఎక్కినోళ్లను ఎవరూ అడగరు.
క్లాసుల అడుగుతరు.

హాజరు పట్టీల మా పేర్లు ఆఖరికి,
అక్షరాల వరుస తెగిపోయినంక.
"లాటరల్ వాళ్లు" అంటడు సారు, తలెత్తకుండనే.
పోయినేడే కుదిరిన దోస్తానాల నడుమ
ఏ బెంచీల ఎంత జాగున్నదో
కండక్టర్ లెక్క చూసుకుంట నిలబడ్డం,
నేనూ, గట్టు నుంచొచ్చిన తిమ్మప్పా.
లెక్కల మేడం "ఇది మీకు తెల్సిందే కదా" అని
సగం బోర్డు దాటేస్తది.
ఆ తెల్సిన సగం తెల్సుకునేటందుకు
నాకు ఒక చలికాలం పట్టింది.

ఒకనాడు గ్రౌండ్ల లెవెల్ పెట్టుమన్నరు.
మూడు కాళ్ల మీద యంత్రం, యంత్రంల బుడగ.
బుడగ నడుమకొచ్చేదాక మరలు తిప్పాలె,
రెండు చేతులతోని, ఎదురెదురుగ, ఊపిరి పట్టి.
నా వేళ్లకు అది తెల్సు.
చప్పట్లేమీ కొట్టలే ఎవరూ.
ఒక పిల్ల మాత్రం పక్కకొచ్చి
"ఇంకోసారి చూపియ్యవా" అన్నది, నా పేరు అడగకుండనే.
చూపిచ్చిన.
దూరంగ స్టాఫ్ పట్టుకొని నిలబడ్డోళ్లు
ఆ పాత అద్దంల తలకిందులుగ కనబడ్డరు.
ఒక్క నిమిషం శివలీల అనుకున్న.

శనివారం ఇంటికి పోయేటప్పుడు
పాలమూరు బస్టాండ్ల రెండు దస్తీలు విసిరిన.
ఒకటి నాకు.
శివలీల కొత్తకోటల ఎక్కుతది,
సిమెంటు దుకాణంల పద్దులు రాసొచ్చి.
"ఎవలన్న వస్తున్నరా?" అంటే
"వస్తున్నరు" అని రెండుసార్లు చెప్పిన.
అడ్డాకుల కాడ ఒక అవ్వ ఎక్కింది.
అడగలేదు. కడ్డీ పట్టుకొని
దస్తీ దిక్కు చూసి మొఖం తిప్పుకున్నది.

తీసి చేతుల పట్టుకున్న.
"కూసో అవ్వా, కొత్తకోట దాక."
వినబడ్డదో లేదో,
మూట ఒళ్లె పెట్టుకొని కండ్లు మూసుకున్నది.
దస్తీ మడత పెడుతున్న, మళ్ల ఇప్పుతున్న.
కొత్తకోట ఇంకా రాలే.